డాఫ్‌లో ఫుట్‌బాల్ అని రాశాను, అది నన్ను ఆడుకుంది

ముందే చెప్పేస్తున్నా, ఇది టాపర్ కథ కాదు. 2023 సివిల్స్‌లో ఇంటర్వ్యూ దాకా వెళ్లాను, ఫైనల్ లిస్టులో పేరు రాలేదు. మార్కులు వచ్చాక చూస్తే నన్ను ముంచింది ఎస్సే, ఆప్షనల్. ఇంటర్వ్యూ మాత్రం అనుకున్నదానికంటే బాగానే వచ్చింది. అందులో సగం పుణ్యం మాక్‌లో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ మీద ఎదురైన ఒకే ఒక్క ప్రశ్నది. దానితో మూడు వారాలు ఎలా కుస్తీ పట్టావో రాయమని రూమ్‌లో తమ్ముళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు.

డాఫ్ (యూపీఎస్సీకి మన వివరాలన్నీ రాసిచ్చే దరఖాస్తు) నింపేటప్పుడు హాబీల గడి చివరికి వదిలేసి, గడువుకి గంట ముందు "ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూడటం" అని కొట్టేశాను. అబద్ధమేం కాదు. మాది హిందూపురం దగ్గర పల్లె. అనంతపురంలో డిగ్రీ చదివే రోజుల్లో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ మైదానంలో పిల్లలు ఆడుతుంటే సాయంత్రాలు కూర్చుని చూసేవాణ్ణి. కానీ చూడటం వేరు, దాని గురించి పెద్దమనుషుల ముందు మాట్లాడటం వేరు. ఆ సంగతి 2024 జనవరిలో, బెంగళూరు విజయనగర్‌లో ఇచ్చిన మొదటి మాక్ ఇంటర్వ్యూలో తెలిసొచ్చింది.

ప్యానెల్‌లో ఒక రిటైర్డ్ ఆఫీసరు చాలా మామూలుగా అడిగారు: "ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఆతిథ్యానికి ఇండియా బిడ్ వేయాలా?" నేను ఎదురుచూస్తున్న ప్రశ్నే. గడగడా అప్పజెప్పాను. దేశానికి పేరొస్తుంది, టూరిజం పెరుగుతుంది, ఉద్యోగాలు వస్తాయి, యువత క్రీడల వైపు మళ్లుతుంది, కాకపోతే ఖర్చు విషయంలో జాగ్రత్తగా ఉండాలి సార్ అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఈ జవాబులో ఫుట్‌బాల్ తీసేసి కబడ్డీ పెడితే ఏమైనా మారుతుందా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే "పోనీ, కుంభమేళా పెడితే?" పక్కనున్న మేడమ్ నవ్వేశారు. ఫైనల్ జరగాలంటే ఎంతమంది పట్టే స్టేడియం కావాలని అడిగితే లక్ష అన్నాను. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా అడిగేది 80 వేలు. సెమీస్‌కి 60, మిగతా మ్యాచ్‌లకి కనీసం 40.

ఆ రాత్రి రూమ్‌కి వచ్చి అలిగి పడుకున్నాను. మా రూమ్మేట్‌ది కదిరి వైపు, గ్రూప్-1 రాస్తున్నాడు. విషయమంతా విని, "రేయ్ మామా, ఆయన కప్పు జరపాలా అని అడిగినాడా, బిడ్ వేయాలా అని అడిగినాడా?" అన్నాడు. రెండూ ఒకటే కదరా అన్నాను. "ఒకటెట్లా అవుతాయి? బిడ్ అంటే వేలంపాట. పాట పాడేటప్పుడు చూసుకోవాల్సింది వేరే ఉంటాది కదా."

నాకు వెంటనే మా ఊరి గుడి చింతచెట్లు గుర్తొచ్చాయి. ఏటా వాటికి వేలం వేస్తారు. కాయ చెట్టు మీద ఉండగానే పాడాలి. పదిమంది చెట్ల చుట్టూ తిరిగి, తలెత్తి చూసి, ఇన్ని బస్తాలు దిగుతాయని ఎవరి లెక్క వాళ్లు వేసుకుంటారు. పాట ఎవరికి దక్కుతుంది? అందరికంటే ఎక్కువ కాయ ఉందని భ్రమపడినవాడికి. చెట్టు దులిపాక ఏడ్చేదీ వాడే. దీన్నే ఎకనామిక్స్‌లో విన్నర్స్ కర్స్ అంటారు. నా ఆప్షనల్ ఎకనామిక్సే. నోట్స్‌లో నిర్వచనం రాసుకుని, కింద రెండుసార్లు గీత కూడా కొట్టుకున్నాను. బిడ్ అనే మాట వినగానే అది తట్టలేదంటే ఆ చదువు ఏపాటిదో మీరే చూడండి. మెయిన్స్ మార్కులు కూడా అదే చెప్పాయి.

అక్కడినుంచి చదివే దారి మారింది. "లాభాలు, నష్టాలు" అని రెండు కాలమ్స్ గీసే అలవాటు మానేసి, ఈ వేలంలో చెట్టు ఎవరిది, కాయ ఎవరిది, కూలి ఎవరు పెట్టుకోవాలి అని చూడటం మొదలుపెట్టాను. చూస్తే సంగతి చాలా తేలిక. టీవీ హక్కులు, స్పాన్సర్ల డబ్బు ఫిఫావి. 2019-22 మధ్య నాలుగేళ్లలో ఫిఫా ఆదాయం 750 కోట్ల డాలర్లు దాటింది. స్టేడియాలు, రోడ్లు, పోలీసు బందోబస్తు ఆతిథ్య దేశానివి. పైగా ఫిఫాకి పన్ను మినహాయింపులిస్తామని ప్రభుత్వం ముందే హామీ రాసివ్వాలి. పెళ్లి మనింట్లో, చదివింపులు మాత్రం వాళ్లకన్నమాట.

వేలంలో పాడేవాళ్లు ఎక్కువైతే బేరం ఫిఫా చేతిలో, తక్కువైతే పాడేవాళ్ల చేతిలో. దీనికి ఫుట్‌బాల్ బయటినుంచి ఒక మంచి ఉదాహరణ దొరికింది. 1984 ఒలింపిక్స్‌కి చివరికి మిగిలింది లాస్ ఏంజెలెస్ ఒక్కటే. నష్టం వస్తే నగరం భరించదని షరతు పెట్టి, చాలావరకు ఉన్న స్టేడియాలతోనే సరిపెట్టి, 20 కోట్ల డాలర్లకు పైగా మిగుల్చుకుంది. సంబరపడిపోయి ఇదే సూత్రం అనుకున్నాను. తర్వాత 2034 వరల్డ్ కప్‌కి సౌదీ అరేబియా ఒక్కటే బిడ్ వేసింది, 2024 డిసెంబర్‌లో దక్కించుకుంది. అక్కడ ఎవరూ బేరమాడినట్టు కనిపించలేదు. డబ్బు మిగుల్చుకోవాలన్న ఉద్దేశం లేనివాడు వేలానికొస్తే నా ఎకనామిక్స్ పనిచేయదు. ఇది అప్పుడే తెలిసుంటే మూడో మాక్‌లో అంత గట్టిగా వాదించేవాణ్ణి కాదు.

అన్నిటికంటే నాకు నచ్చింది కొలంబియా కథ. 1986 కప్ ఆ దేశానికి 1974లోనే ఇచ్చారు. తర్వాత జట్లు 16 నుంచి 24 అయ్యాయి, ఫిఫా కోరికల జాబితా పెరిగింది. 1982లో అధ్యక్షుడు బెటాంకూర్ మా వల్ల కాదు, మా దేశానికి ఇంతకంటే ముఖ్యమైన పనులున్నాయని తిరిగిచ్చేశాడు. కప్ మెక్సికోకి వెళ్లింది. పరువు పోతుందనే భయంతో అప్పు చేసి పప్పుకూడు తినే దేశాలే ఎక్కువ గనక, ఇచ్చింది వాపసు ఇచ్చిన దేశం గురించి ఇంటర్వ్యూ బోర్డులో చెబితే వింటారు. నా రెండో మాక్‌లో అందరూ తలలెత్తింది ఇక్కడే. అదే మాక్‌లో 2026 కప్ ఓటింగ్‌లో అమెరికా, కెనడా, మెక్సికోలకి 134, మొరాకోకి 65 వచ్చాయని చెబితే ఒకాయన ఆవలించారు. గుర్తున్నాయి కదా అని అంకెలు చెప్పకండి.

బ్రెజిల్ గురించి అందరూ చదువుతారు, కాబట్టి ఒక్క విషయం. 2013 జూన్‌లో బస్సు చార్జీ 20 సెంటావోలు (మన పైసల్లాంటివి) పెంచితే మొదలైన గొడవ చివరికి స్టేడియాల గేట్ల దాకా వచ్చింది. ఆసుపత్రులు, స్కూళ్లు కూడా ఫిఫా ప్రమాణాలతో కట్టండని జనం అట్టలు పట్టుకుని నిలబడ్డారు. ఫుట్‌బాల్ అంటే ప్రాణమిచ్చే దేశం అది! అమెజాన్ అడవి మధ్య మనౌస్‌లో కట్టిన స్టేడియంలో కప్ మ్యాచ్‌లు నాలుగే జరిగాయి. బ్రసీలియా స్టేడియం పార్కింగ్ స్థలం తర్వాత సిటీ బస్సులు నిలుపుకోవడానికి పనికొచ్చింది.

ఖతార్ దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. మా మెస్‌లో జగిత్యాల నుంచి వచ్చిన అన్న ఒకాయన ఉండేవాడు, వాళ్ల చిన్నాన్న దోహాలో కట్టడం పనిలో ఏళ్లు గడిపాడు. "మీ నోట్సుల స్టేడియం అని రాసుకుంటున్నవ్ గద, దాన్ల మా చిన్నాయిన చెమట గూడ ఉన్నది" అన్నాడొకసారి అన్నం కలుపుకుంటూ. కరీంనగర్, నిజామాబాద్ ఊళ్లనుంచి వెళ్లినవాళ్లు అలా ఎందరో. కప్ వల్ల ప్రపంచం కన్ను పడి 2020లో కఫాలా (కూలీని యజమానికి కట్టిపడేసే పద్ధతి) నిబంధనలు కొన్ని సడలించారు, 2021 నుంచి నెలకి 1000 రియాళ్ల కనీస వేతనం పెట్టారు. కప్ రాకపోతే ఇది జరిగేదా? జరిగేది కాదేమో. మరి అందుకని కప్ మంచిదేనా? దీనికి నాకు ఈరోజుకీ సూటి జవాబు లేదు. బోర్డు అడిగితే అదే చెప్పాలనుకున్నాను.

ఇక మన దేశం. 2017 అండర్-17 వరల్డ్ కప్ ఆరు నగరాల్లో జరిగింది, బెంగళూరుకీ చెన్నైకీ హైదరాబాద్‌కీ చోటు లేదు. 13 లక్షల 47 వేల మంది చూశారు, ఆ టోర్నీకి అది రికార్డు. గువాహటిలో వానకి మైదానం పాడై బ్రెజిల్-ఇంగ్లండ్ సెమీఫైనల్‌ను కోల్‌కతాకి మార్చాల్సొచ్చింది. 2022లో అమ్మాయిల అండర్-17 కప్ ఇంకో రెండు నెలల్లో ఉందనగా ఫిఫా మన ఫెడరేషన్‌ని సస్పెండ్ చేసి, పదకొండు రోజుల తర్వాత ఎత్తేసింది. ఆ కప్ హామీలకి కేంద్ర క్యాబినెట్ ఆమోదం, ఫెడరేషన్‌కి 10 కోట్లు అన్న వార్త కేంద్ర ప్రభుత్వ ప్రకటనలు వచ్చే పీఐబీలో నేను చదివి దాటేసిందే. ఇప్పుడు చూస్తే ఆ చిన్న వార్తలో పాలిటీ అంతా ఉంది. క్రీడలు రాష్ట్ర జాబితాలో 33వ అంశం. బిడ్ వేసేది ఫెడరేషన్, హామీ ఇచ్చేది కేంద్రం, స్టేడియం చాలాచోట్ల రాష్ట్రానిది. వాన పడితే నీళ్లు తోడేది ఎవరో మాత్రం ఏ జాబితాలోనూ లేదు.

నా జవాబు చివరికి ఇలా తేలింది. పురుషుల వరల్డ్ కప్‌కి ఇప్పుడు బిడ్ వేయకూడదు. 2026 కప్ అంటే 48 జట్లు, 104 మ్యాచ్‌లు. మూడు పెద్ద దేశాలు కలిసి 16 నగరాలు సర్దుకోవాల్సి వచ్చింది. మనకున్న పెద్ద మైదానాలు ఎక్కువ క్రికెట్‌వి. ఫుట్‌బాల్ ఆసియా కప్ లాంటిదానికి, పిల్లల టోర్నీలకి, ఉన్న స్టేడియాలు బాగుచేసుకునే షరతు మీద వేయొచ్చు. 2027 ఆసియా కప్ రేసులోంచి మనం 2022 డిసెంబర్‌లో తప్పుకున్నాం. చాలామంది తిట్టారు గానీ, నాకు అందులో తప్పు కనిపించలేదు.

పొరుగు దేశాలతో కలిసి వేస్తే? ఈ ప్రశ్నకి జవాబు నాకు కంఠీరవ స్టేడియంలో దొరికింది. 2023 జూన్ 21, దక్షిణాసియా దేశాల శాఫ్ టోర్నీలో ఇండియా-పాకిస్థాన్. ప్రిలిమ్స్ పాసై మెయిన్స్ చదవాల్సిన రోజులు. అత్తిగుప్పెలో మెట్రో ఎక్కి కబ్బన్ పార్క్‌లో దిగాం. వీసాలు ఆలస్యమై పాకిస్థాన్ జట్టు మ్యాచ్ రోజే బెంగళూరులో దిగింది. ఎనిమిది జట్ల చిన్న టోర్నీకే ఇలా ఉంటే వరల్డ్ కప్‌కి ఉమ్మడి వీసా మాట అటుంచండి. వానలో తడుస్తూ చూశాం. మన కెప్టెన్ ఛెత్రి మూడు గోల్స్ కొట్టాడు, 4-0. జులై 4న ఫైనల్‌కీ వెళ్లాం. కువైట్ మీద పెనాల్టీల్లో గెలిచాక సుమారు పాతిక వేల మంది ఒకే గొంతుతో పాడుతుంటే పక్కన ఎవరో తెలియని పెద్దాయన నా భుజం పట్టుకుని ఏడ్చాడు. ఎకనామిక్స్ పుస్తకాల్లో దీన్ని ఏ పద్దులో రాయాలో నాకు తెలీదు. నా జవాబు మార్చుకోలేదు, కానీ "బిడ్ వేయకూడదు" అన్న ప్రతిసారీ ఆ పెద్దాయన గుర్తొస్తాడు. అందుకే మాక్‌లో నా గొంతు కాస్త మెత్తబడింది. అది మంచికే అయిందని రూమ్మేట్ అంటాడు.

మూడు వారాలు ఎక్కువ. మీరు అంత టైమ్ పెట్టకండి, వారం చాలు. నేను చివరికి మిగుల్చుకున్నది ఒక ఏ4 కాగితం, అందులోనూ సగం ఖాళీ. రాత్రి తిన్నాక నడుస్తూ రూమ్మేట్‌కి చెప్పేవాణ్ణి. వాడికి ఫుట్‌బాల్ రాదు, వాడికి అర్థమైతే బోర్డుకీ అర్థమవుతుంది. బోర్ కొడితే మధ్యలో బై టూ కాఫీ అని మాట మార్చేసేవాడు. ఆ చోటు గుర్తుపెట్టుకుని కాగితంలో కొట్టేసేవాణ్ణి.

మార్చిలో ఢిల్లీ ధోల్‌పూర్ హౌస్, అంటే యూపీఎస్సీ ఆఫీసులో అసలు ఇంటర్వ్యూ. ఛైర్మన్ ఫుట్‌బాల్ ఊసే ఎత్తలేదు. మూడో మెంబర్ ఆర్టీఐ మీద వాయించారు. ఇక అయిపోయిందనుకుంటే చివరి మెంబర్ నా డాఫ్ తిరగేస్తూ, "మీరు హిందూపురం మున్సిపల్ కమిషనర్. 20 వేల సీట్ల ఫుట్‌బాల్ స్టేడియం కట్టిస్తామని ఎవరో వచ్చారు. తీసుకుంటారా?" అన్నారు.

కొలంబియా, బ్రెజిల్ అన్నీ నాలుక చివర ఉన్నాయి. ఒక్కటీ వాడలేదు. రెండో ఏడాది నుంచి కరెంటు బిల్లు, గడ్డికి నీళ్లు ఎవరివని ముందు అడుగుతాను సార్ అన్నాను. మా ఊళ్లో తాగే నీళ్లకే ఇబ్బంది. వాళ్లు ఒప్పుకుంటే ఆ డబ్బుతో స్టేడియం బదులు నాలుగు వార్డుల్లో గోల్‌పోస్టులు, లైట్లు ఉన్న మైదానాలు అడుగుతాను అన్నాను. "వాళ్లు స్టేడియమే ఇస్తామంటే?" అన్నారు. అప్పుడు నోట్లోంచి చింతచెట్ల వేలం కథ దానంతటదే వచ్చేసింది. కాయ చూసి పాడకూడదు సార్, దులిపే కూలి చూసి పాడాలి అన్నాను. ఛైర్మన్‌తో సహా నవ్వారు.

ఆ మెంబర్ నవ్వు ఆపుకుంటూ, "మీ హిందూపురం మార్కెట్ యార్డులో ఇప్పుడు చింతపండు క్వింటా ఎంత?" అన్నారు. నాకు తెలీదు. సారీ సార్ అని చెప్పి బయటికొచ్చాను.