జీతం పడని ఒకటో తారీఖు

ఐటీ ఉద్యోగం మానేసి బెంగళూరు మారతహళ్లిలో పచ్చళ్ల వ్యాపారం పెట్టాక ఒకటో తారీఖంటే టెన్షనే. జీతం పడినట్టు మెసేజ్ రాదు, అద్దె మాత్రం ఠంచనుగా కట్టాలి. అమ్మ ఇప్పటికీ చుట్టాలతో "మావాడు సాఫ్ట్‌వేరే" అంటోంది. అననివ్వండి.

పని మాత్రం నచ్చింది. ఇక్కడ సులువుగా దొరికే బ్యాడగి మిర్చికి రంగెక్కువ, ఘాటు తక్కువ. ఆవకాయలో అదొక్కటే వేస్తే మనవాళ్లు ఊరుకుంటారా! గుంటూరు కారం తెప్పించి రెండూ కలుపుతున్నాను. సీసా లేబుల్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు చూసుకుంటే, పాత ఐడీ కార్డు మెడలో ఉన్నప్పుడు కూడా లేని గర్వం.

నిన్న పాత మేనేజర్ గారు ఫోన్ చేసి, రేపటికల్లా కొత్తావకాయ రెండు కిలోలు కావాలన్నారు. మూడో రోజు తిరగగలపందే సీసాకెత్తను సార్ అన్నాను. సరే, ఎల్లుండి స్టేటస్ కనుక్కుంటానన్నారు!