అయిదింటికే పొద్దుగూకే ఊరు

పోయిన డిసెంబరులో ఇంటిల్లిపాదీ అండమాన్‌కు వెళ్లినప్పుడు, పొద్దుగూకడాన్ని ఎత్తయిన చోటి నుంచి చూడాలన్న ఆత్రం అందరికంటే నాకే ఎక్కువగా ఉండింది. నల్లగొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కి ఎన్ని సాయంత్రాలు చూశానో లెక్కలేదు కానీ, అక్కడి సూర్యుడు పొలాల మీది దుమ్ములో ఎర్రబడి, నేలను తాకకముందే మసకబారిపోతాడు. సముద్రంలో మునిగే పొద్దును నేనెన్నడూ చూడలేదు. మన తెలుగు తీరమంతా తూర్పు ముఖంగా ఉంటుంది కనుక విశాఖకు పోయినా దక్కేది సూర్యోదయమే.

2024 నుంచి శ్రీ విజయపురంగా పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్ నుంచి, పొద్దుగూకడం చూడటానికి జనం వెళ్లే చిడియా టాపు అనే తీరం సుమారు 25 కిలోమీటర్లు. పొద్దుగూకేది ఎట్లాగూ అయిదున్నర దాటాకే కదా అని నాలుగున్నరకు తీరికగా బయలుదేరాము. సగం దారిలోనే చెట్ల మధ్య చీకట్లు ముసురుకున్నాయి. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబానికి చెందిన మా డ్రైవరు నవ్వి, "మీ ఊరి లెక్క ఇక్కడ పనికిరాదండీ, అయిదింటికల్లా పొద్దు పోద్ది" అన్నాడు. పగలంతా గర్భగుడిలో నీడ చెదరని పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం పక్కన పెరిగినవాణ్ని, సూర్యుడి లెక్కలో ఇట్లా బోల్తా పడ్డందుకు సిగ్గేసింది.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేసుకున్నాను. దేశమంతటికీ గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిదే. నల్లగొండ దానికి పడమరన 79 డిగ్రీల దగ్గర ఉంటే, పోర్ట్ బ్లెయిర్ తూర్పున 92 డిగ్రీలు దాటి ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున తేడా 50 నిమిషాల పైమాటే. అయితే అండమాన్ మనకంటే దక్షిణాన ఉండటం వల్ల చలికాలంలో అక్కడ పగలు కాస్త పొడవు కనుక, డిసెంబరులో ఆ తేడా ముప్పావు గంటకు దిగుతుంది.

మరునాడు మూడున్నరకే చేరుకుని, అటవీ శాఖ అతిథి గృహం ఉన్న మిట్ట ఎక్కాము. కింద ఒడ్డున వేళ్లతో సహా ఒరిగిన పెద్ద మానులు, ఎదురుగా అడవి కప్పిన దీవులు, వాటి నడుమ కదలికే లేనట్టున్న నీళ్లు కనిపించాయి. ఇసుక ఈగలు కాళ్లను పీకుతున్నా ఎవరమూ కదలలేదు. సుమారు 4 గంటల 50 నిమిషాలకు సూర్యుడి ఆకారం మారసాగింది. చేతుల మధ్య తడుతున్న జొన్నరొట్టెలాగా అడ్డంగా సాగి, కింది అంచు చదునయింది. దిగంతం దగ్గర గాలి పొరలు వెలుగును వంచి, కింది అంచును పై అంచు కంటే ఎక్కువగా ఎత్తి చూపడం వల్ల అట్లా అగుపిస్తుందని చదివి ఉన్నాను కానీ, చదివింది కళ్లముందు జరుగుతుంటే మాట రాలేదు. సూర్యబింబం వెడల్పు అర డిగ్రీయే కాబట్టి, అంచు తాకిన తరువాత పూర్తిగా మునగడానికి పట్టేది రెండు నిమిషాల పైచిలుకే. ఆ రెండు నిమిషాల కోసమే వచ్చిన నాకు, నీటికి జానెడు ఎత్తున ఒక నల్లటి మబ్బు చార అడ్డు తగిలింది. పొద్దు అందులోకి జారి, మళ్లీ బయటికి రానేలేదు. పక్కనున్న పర్యాటకులు చప్పట్లు కొట్టారు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

అయిదుంబావుకు మిట్ట దిగుతూ అమ్మకు ఫోన్ చేసి, ఇక్కడ పొద్దుగూకిందని చెప్పాను.

"గప్పుడే గూకుడేంది బిడ్డా? ఈడ బర్లే ఇంక ఇంటికి రాలె" అన్నది.