విద్యార్థి రిపోర్టుకు వీడియో సమీక్ష
డిగ్రీ విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులను దిద్దేటప్పుడు, పేజీని తెరపై ఉంచి, ఉచితంగా దొరికే ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌తో తెరనూ నా గొంతునూ కలిపి రికార్డు చేసి పంపడం మేలని గట్టిగా నమ్ముతున్నాను. వాదన ఏ వాక్యం దగ్గర తెగిందో కర్సర్‌తో చూపిస్తూ కారణం వివరించినప్పుడు, రాతలో మందలింపుగా తోచే వ్యాఖ్య సైతం గొంతులోని ఆదరం వల్ల సలహాగా వినిపిస్తుంది. లక్ష్యం ఏమిటి, ఎంతవరకు వచ్చాం, తర్వాత ఏం చేయాలి అని 2007లో విద్యా పరిశోధకులు జాన్ హ్యాటీ, హెలెన్ టింపర్లీ ప్రతిపాదించిన మూడు ప్రశ్నల క్రమంలోనే మాట్లాడుతూ, మూడోదానికే ఎక్కువ సమయం కేటాయిస్తాను. అచ్చుతప్పులను మాత్రం కాగితం మీదే గుర్తిస్తాను. వాటి కోసం వీడియోను ముందుకూ వెనక్కూ జరపడం విద్యార్థికి అనవసర శ్రమ. మొబైల్ డేటాపైనే ఆధారపడే పిల్లలున్నారు కనుక, అక్షరాలు కనిపించేలా పేజీని పెద్దది చేసి, తక్కువ డేటా పట్టే 480పి నాణ్యతలో పంపుతాను.