బీఎఫ్‌ఏ ఎంట్రన్స్ స్టిల్ లైఫ్‌లో గాజు వస్తే ఏం చేయాలి, నా అనుభవం

ఫ్రెండ్స్, బీఎఫ్‌ఏ, అంటే పెయింటింగ్, శిల్పం లాంటి కళల డిగ్రీలో సీటు కోసం ప్రిపేర్ అయ్యేటప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది గాజు. స్టిల్ లైఫ్ అంటే ఎదురుగా పెట్టిన వస్తువుల్ని చూసి వేయడం కదా, కుండ, వంకాయలు, ఇత్తడి చెంబు దాకా పర్లేదు, పక్కన ఒక్క సీసా పెట్టారంటే చెయ్యి ఆగిపోయేది.

గాజు అనగానే లేత నీలం కలిపి గ్లాసంతా పూసేసేదాన్ని, తర్వాత మెరుపుల కోసం పైన తెల్ల పోస్టర్ కలర్ చుక్కలు. ఆరాక సున్నం చిందినట్టు ఉండేది. మా డ్రాయింగ్ సార్ చూసి ఒక్కటే అడిగారు, "గ్లాసు వెనకాల టవల్ చారలు ఏవమ్మా?" అని. నిజమే, టవల్‌ని గ్లాసు అంచు దగ్గరే ఆపేశా.

ఆ వారమంతా ఇంకేం వేయలేదు, టీ గ్లాసులో సగం నీళ్లు పోసి స్పూన్ వేసి కిటికీ గట్టు మీద పెట్టి, వెనకాల చారల టవల్ ఉంచి దాన్నే మళ్లీ మళ్లీ వేశా. కళ్లు సగం మూసి చూస్తే అసలు తెల్లటి మెరుపులు రెండే, మూతి అంచు మీద సన్నగీత, పక్కన కిటికీ ఆకారంలో చిన్న ముక్క. ముదురు రంగేమో అడుగున మందంగా ఉన్న చోట, అంచుల వెంట. టవల్ చారలు ఎడమ నుంచి కుడికి దిగుతుంటే నీళ్లలోంచి చూస్తే కుడి నుంచి ఎడమకి దిగుతున్నాయి! స్పూన్ నీళ్ల దగ్గర విరిగినట్టు, కింద లావుగా. నమ్మబుద్ధి కాదు కానీ కనపడింది కనపడినట్టే వేయండి, గాజు దానంతటదే వచ్చేస్తుంది.

మెరుపుల చుట్టూ ముందే పెన్సిల్‌తో లైట్‌గా గీసుకుని ఆ చోటు పేపర్ తెలుపే వదిలేయండి. ముందు వెనకాల రంగు పల్చగా గ్లాసు లోపలికి కూడా ఒకే వాష్‌లో (నీళ్లు ఎక్కువ కలిపిన రంగు పూతలో) లాగేసి, పూర్తిగా ఆరాకే ముదురువి, తడి మీద వేస్తే అంచు పాకిపోయి గాజుకుండే పదును పోతుంది. మాస్కింగ్ ఫ్లూయిడ్ (తెల్లగా ఉంచాల్సిన చోట రంగు అంటకుండా ముందే పూసే ద్రవం) అలవాటు చేసుకోకండి, అది ఆరేదాకా కూర్చునే టైమ్ ఉండదు. ఇంకోటి, పైనుంచి చూస్తున్నప్పుడు అడుగు గుండ్రం మూతి కంటే కాస్త ఎక్కువ విచ్చుకుని ఉంటుంది, చాలామంది అక్కడ తిన్నగా గీత గీసేస్తారు.

నేను ప్రాక్టీస్ చేసింది 300 జీఎస్‌ఎం మందపాటి పేపర్ మీద, ఎగ్జామ్‌లో చేతికొచ్చింది పల్చటి షీట్, రెండో వాష్‌కే ఉబ్బింది. నీళ్లు బాగా తగ్గించి బ్రష్‌ని గుడ్డకి అద్దుకుంటూ వేశా. సీసా భుజం దగ్గర బియ్యపు గింజంత తెలుపు వదిలా, బెల్ కొట్టేదాకా దాని మీద చుక్క కూడా పడనివ్వలేదు.