మిర్చి యార్డు నుంచి రాత్రి రైలు దాకా: గుంటూరులో కారం తిన్న రోజు

గుంటూరు మిర్చి యార్డు చూడాలంటే ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్యలో వెళ్లాలి. కొత్త పంట దిగేది అప్పుడే. నేను మార్చిలో సికింద్రాబాద్ నుంచి గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, రాత్రికి బ్రాడీపేటలో ఉండి, తెల్లారాక యార్డుకు బయల్దేరాను. కారం ఇష్టపడేవాళ్లకు ఈ ఊళ్లో ఏం తినాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. తిన్నాక ఒళ్లు ఏమంటుందో, ఏ పూట ఏం జాగ్రత్త పడాలో చెప్పేవాళ్లే తక్కువ.

ఖాళీ కడుపుతో బయల్దేరకూడదు. ఇడ్లీ మీద కారప్పొడి వేసుకుంటే నెయ్యి దండిగా పోయించుకోవాలి. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. అన్నంలో మొదటి ముద్ద కారప్పొడి, నెయ్యితో తినడం, ఆవకాయకు ముద్దపప్పు తోడు చేసుకోవడం మనవాళ్లు ఊరికే అలవాటు చేసుకోలేదు. పొడిపొడిగా తింటే ఆ పొడి గొంతులో అంటుకుని పొలమారుతుంది. అలా పొలమారినప్పుడు మంట ముక్కు వెనక్కి ఎక్కి చాలాసేపు దిగదు.

యార్డులో అడుగు పెట్టగానే దగ్గు మొదలవుతుంది. ఎటు చూసినా టిక్కీల (మిర్చి బస్తాల) వరసలు, వాటి మధ్య తలకు తువ్వాలు చుట్టుకున్న హమాలీలు, కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని ముచ్చికలు తీసే ఆడవాళ్లు. మనం గంటసేపు చూసి వెళ్లిపోయే ఘాటులో వాళ్లు పూటంతా పనిచేస్తారు. ఆ కష్టం చూశాక ఇంట్లో కారం డబ్బా మూత తీసినప్పుడల్లా వాళ్లు గుర్తొస్తారు.

దగ్గుకు కారణం గాల్లో తేలే మిరప దుమ్ము. నోట్లో మంటను పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ముక్కులో, కంట్లో, గొంతులో, పేగుల్లో, చివరికి మలద్వారం దగ్గర కూడా ఉంది. నిజానికి అది సుమారు 43 డిగ్రీలు దాటిన వేడిని గుర్తించడానికి ఉన్నది. మిరప తగిలితే వేడి లేకపోయినా కాలుతోందని మెదడుకు కబురు పంపుతుంది. దీన్ని 1997లో గుర్తించిన బృందానికి నాయకుడు డేవిడ్ జూలియస్, 2021లో వైద్యశాస్త్ర నోబెల్ అందుకున్న ఇద్దరిలో ఒకరు. కారం తింటే చెమట పట్టడం, ముక్కు కారడం, మర్నాడు పొద్దున మంట, అన్నీ ఈ ఒక్క గ్రాహకం పనే.

యార్డుకు వెళ్లేటప్పుడు ముక్కుకు మందపాటి గుడ్డ కట్టుకోవాలి. కాంటాక్ట్ లెన్సులు తీసేసి కళ్లజోడు పెట్టుకోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు లోపలికి వెళ్లకపోవడమే మేలు. కాయ విరిచి చూసిన చేత్తో కన్ను తుడుచుకోవడం అందరూ చేసే పొరపాటు. ఒట్టి నీళ్లతో కడిగితే ఆ మంట పోదు. ముందు చెంచాడు వంటనూనె చేతులకు, గోళ్ల సందుల్లోకి బాగా పట్టించి, తర్వాత గిన్నెల సబ్బుతో రెండుసార్లు చల్లటి నీళ్లతో కడుక్కోవాలి. వేడినీళ్లు తగిలితే మంట ఇంకా పెరుగుతుంది. కంట్లోనే పడితే నూనె జోలికి పోకుండా, శుభ్రమైన నీళ్లు పది పదిహేను నిమిషాలు ధారగా పోసుకోవాలి.

రకాల్లో తేజ సన్నగా, చిన్నగా ఉంటుంది, ఘాటు చాలా ఎక్కువ. గుంటూరు సన్నం దానికంటే తక్కువ ఘాటు. బాడిగ రకాలు ముడతలు పడి ముదురు ఎరుపుగా ఉంటాయి, రంగే తప్ప కారం పెద్దగా ఉండదు. ఎర్రగా ఉంటే కారంగా ఉంటుందనుకోవడం పొరపాటు. కారమంతా గింజల్లో ఉంటుందన్న మాటా సరికాదు. గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలోనే అది ఎక్కువ. కూరలో ఘాటు తగ్గించాలంటే గింజలు దులిపితే చాలదు, ఆ ఈనె గీకెయ్యాలి.

మధ్యాహ్నం మెస్సులో పండుమిర్చి పచ్చడి, గోంగూర, గుంటూరు కోడి వేపుడు. ఇక్కడ జరిగే తప్పు నీళ్లు. మండగానే గ్లాసు ఎత్తితే, కారం నోరంతా పరుచుకుంటుంది, కడుపు నీళ్లతో నిండుతుంది, మంట అలాగే ఉంటుంది. పెరుగు కావాలి. పాలలో ఉండే కేసీన్ అనే ప్రోటీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుని నాలుక మీది నుంచి లాక్కెళ్తుంది. గడ్డపెరుగు ఒక కప్పు, మింగకుండా కాసేపు నోట్లో తిప్పుకుంటే ఉపశమనం తెలుస్తుంది. పెరుగు అందకపోతే చెంచాడు పంచదార. పెరుగన్నం చివర్లోనే తినాలని నియమమేమీ లేదు, భోజనం మధ్యలో రెండు ముద్దలు కలుపుకున్నా తప్పు లేదు.

సాయంత్రం బజ్జీల బండి దగ్గరే అసలు చిక్కు. బజ్జీమిర్చి పెద్దగా కారం ఉండదు, లోపల వాము కూడా పెడతారు. కానీ మధ్యాహ్నపు కారం మీద నూనె వంటకం పడి, ఆ వెంటనే రైల్లో పై బెర్తు ఎక్కి పడుకుంటే గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు తప్పవు. తినడానికీ పడుకోవడానికీ మధ్య కనీసం మూడు గంటలు ఉండాలి. రాత్రి పది గంటల రైలైతే ఆరున్నరకే తినడం ముగించాలి. ఎడమవైపు తిరిగి, తల కింద బ్యాగు పెట్టి కాస్త ఎత్తు చేసుకుంటే నయం. కారం వల్లే అల్సర్ వస్తుందని అనుకుంటారు గానీ, చాలావరకు దానికి కారణం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా, కొన్ని నొప్పి మాత్రలు. అల్సర్ ముందే ఉంటే మాత్రం కారం దాని బాధను పెంచుతుంది. ఒక్కమాట గట్టిగా చెప్పాలి: ఛాతీనొప్పి ఎడమచేతికి, దవడకు పాకుతూ చెమటలు పడితే అది మిర్చి మంట అనుకుని కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మర్నాడు పొద్దున రైలు మరుగుదొడ్డిలో వచ్చే మంట గురించి ఎవరూ పైకి మాట్లాడరు. కారం పేగుల్ని త్వరగా కదిలిస్తుంది, అరగకుండా మిగిలిన క్యాప్సైసిన్ చివరిదాకా వస్తుంది. గరుకు కాగితంతో తుడిస్తే పుండులా అవుతుంది. చల్లటి నీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, కొంచెం కొబ్బరినూనె రాస్తే చాలు. మొలలు, చీలికలు ఉన్నవాళ్లు ప్రయాణానికి ముందురోజు కారం మానెయ్యాలి. రాత్రే రెండు అరటిపళ్లు తిని, నీళ్లు బాగా తాగితే విరేచనం సాఫీగా అవుతుంది.

ఇంటికొచ్చాక రెండు మూడు రోజులు పప్పు, చారు చప్పగా అనిపిస్తాయి. వంటలో లోపం లేదు, నాలుకే కారానికి మొద్దుబారింది. అప్పుడు వంటచేస్తే పిల్లలకు, పెద్దవాళ్లకు తినలేని కారం పడిపోతుంది. ఆ రోజుల్లో రుచి చూసే పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించాలి. తెచ్చుకున్న కాయలు పొడి కొట్టించేటప్పుడు మూడు వంతులు బాడిగ, ఒక వంతు తేజ కలిపితే రంగు నిండుగా ఉంటుంది, అందరూ తినగలరు. ఒట్టి తేజ పొడి విడిగా చిన్న గాజుసీసాలో పెట్టుకుంటే, కావాల్సినవాళ్లు కంచంలోనే వేసుకుంటారు.