అల్ట్రాసోనిక్ టెస్టింగ్‌లో లెవెల్ టూ అర్హత: నా అనుభవం

విశాఖ ఆటోనగర్‌లోని మా కర్మాగారంలో రసాయన పరిశ్రమలకు కావలసిన ప్రెషర్ వెసెళ్లు తయారవుతాయి. వాటి వెల్డింగు అతుకులను కోయకుండానే లోపలి లోపాలను పట్టుకోవడానికి మేము చాలాకాలం గామా కిరణాలతో ఫిల్ము తీసే రేడియోగ్రఫీ మీదే ఆధారపడ్డాము. గామా సోర్సును బయటికి తీసినంతసేపు చుట్టుపక్కల మనుషులు ఉండకూడదు కనుక ఆ పని రాత్రిపూట, షాపు ఖాళీ అయిన తరువాతే జరిగేది. పైగా గాలి బుడగలను, స్లాగును (వెల్డులో చిక్కుకున్న మడ్డిని) చక్కగా చూపించే ఫిల్ము, కిరణాలకు అడ్డంగా పరుచుకున్న పలుచని చీలికను చూపించకుండా వదిలేయగలదు. మందం ఎక్కువగా ఉన్న ప్లేట్ల విషయంలో శబ్ద తరంగాల (అల్ట్రాసోనిక్) పద్ధతికి మారాలని యాజమాన్యం నిర్ణయించి, నాణ్యతా విభాగంలో పనిచేస్తున్న నన్ను అందులో లెవెల్ టూ అర్హతకు, అంటే పరీక్షను స్వయంగా చేసి ఫలితాన్ని తేల్చే స్థాయికి, ఎంపిక చేసింది.

ఈ అర్హత గురించి మన దగ్గర ఒక అపోహ బలంగా ఉంది. శిక్షణ కేంద్రం ఇచ్చే కాగితమే సర్టిఫికెట్ అనీ, అది జీవితాంతం చెల్లుతుందనీ చాలామంది అనుకుంటారు. మేము అనుసరించిన ఎస్ఎన్‌టీ-టీసీ-1ఏ (అమెరికన్ సొసైటీ ఫర్ నాన్‌డిస్ట్రక్టివ్ టెస్టింగ్ సిఫారసుల పత్రం) పద్ధతిలో సర్టిఫికెట్ ఇచ్చేది ఉద్యోగం ఇచ్చిన సంస్థ. ఉద్యోగం మారితే కొత్త సంస్థ మళ్లీ ధ్రువీకరించాలి. లెవెల్ వన్‌కు 40, లెవెల్ టూకు మరో 40 గంటల శిక్షణతో పాటు, అల్ట్రాసోనిక్ పరీక్షలో వరుసగా 210, 630 గంటల పని అనుభవాన్ని అది సిఫారసు చేస్తుంది. నేను మా సీనియర్ పర్యవేక్షణలో చేసిన ప్రతి గంటనూ లాగ్‌బుక్కులో రాసి సంతకం చేయించుకున్నాను. ఏటా కంటి పరీక్ష కూడా తప్పనిసరి: 12 అంగుళాల దూరం నుంచి జేగర్ చార్టులోని రెండో నంబరు అక్షరాలను చదవగలగాలి.

తరగతిలో మొదట మనసుకు ఎక్కవలసిన సంగతి, ఈ యంత్రం లోపాన్ని చూపించదన్నది. లోహం మీద ఆనించే ప్రోబ్‌లోని స్ఫటికం పంపిన అతి చిన్న శబ్ద స్పందన ఎంతసేపటికి తిరిగి వచ్చింది, ఎంత బలంగా వచ్చింది అన్న రెండే విషయాలు తెర మీద కనిపిస్తాయి. ఉక్కులో, ప్రయాణ దిశలోనే కంపించే అనుదైర్ఘ్య తరంగం సెకనుకు సుమారు 5,900 మీటర్లు, దానికి అడ్డంగా కంపించే తిర్యక్ తరంగం సుమారు 3,240 మీటర్లు ప్రయాణిస్తాయి. వెల్డుకు మేము వాడేది 4 మెగాహెర్ట్జ్ తిర్యక్ తరంగం. దాని తరంగదైర్ఘ్యం 0.8 మిల్లీమీటర్లు మాత్రమే కాబట్టి చిన్న లోపం నుంచి కూడా ప్రతిధ్వని వస్తుంది. ప్రోబ్‌కూ ఉక్కుకూ మధ్య పలుచని గాలి పొర ఉన్నా శబ్దం దాదాపు పూర్తిగా వెనక్కి మళ్లిపోతుంది కనుక నూనె గానీ గ్రీజు గానీ పూయాలి. తరువాత ఆ గ్రీజును తుడుచుకోవలసి వచ్చే పెయింటర్లు మా మీద విసుక్కోని రోజు లేదు.

పంపిన చోటనే ప్రతిధ్వనిని అందుకునే ఈ పద్ధతికి మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఫ్లాయిడ్ ఫైర్‌స్టోన్ 1940లో పేటెంటు కోసం దరఖాస్తు చేశారు. అంతకుముందు 1928లో లెనిన్‌గ్రాడ్‌లో సొకొలోవ్ ప్రతిపాదించిన విధానంలో శబ్దం ఒకవైపు నుంచి ప్రవేశించి రెండోవైపు బయటపడాలి. మూత వెల్డు అయిపోయిన వెసెల్ లోపలికి చేయి పట్టదు కనుక, మాలాంటి వాళ్లకు అక్కరకు వచ్చింది ఫైర్‌స్టోన్ మార్గమే.

కొలతలు కచ్చితంగా తెలిసిన వీ1 అనే ఉక్కు బ్లాకు మీద క్యాలిబ్రేషన్‌కు, అంటే పరికరాన్ని సరిచూసుకోవడానికి, నేను అనుకున్నదానికంటే ఎక్కువ సమయం పట్టింది. 100 మిల్లీమీటర్ల వృత్తచాపం నుంచి వచ్చే ప్రతిధ్వనిని గరిష్ఠానికి తెచ్చి, శబ్దం ప్రోబ్‌ను ఏ బిందువు దగ్గర వదులుతోందో గుర్తించాలి. ఆ తరువాత కోణాన్ని సరిచూడాలి. ప్రోబ్ అడుగున ఉన్న పెర్‌స్పెక్స్ ప్లాస్టిక్ అరిగేకొద్దీ కోణం మారుతుంది కాబట్టి పెట్టె మీద 60 డిగ్రీలని ఉందని నమ్మి పని మొదలుపెట్టకూడదు.

అసలు కష్టం వెల్డు రూటు, అంటే అతుకు అడుగుభాగం, దగ్గర ఎదురైంది. 20 మిల్లీమీటర్ల ప్లేటులో 60 డిగ్రీల కిరణం అడుగును తాకేసరికి 40 మిల్లీమీటర్లు నడుస్తుంది. సరిగ్గా ఆ ప్రాంతంలోనే, ఏ దోషమూ లేని రూటు ఉబ్బు కూడా ఎకో (ప్రతిధ్వని) ఇస్తుంది. రూటు దాకా లోహం చేరని లోపమూ అక్కడే ఎకో ఇస్తుంది. రెండింటినీ విడదీయాలంటే వెల్డుకు రెండు వైపుల నుంచీ స్కాన్ చేసి, ప్రతి ఎకో మూలాన్నీ స్కేలుతో కాగితం మీద గీయాలి. ఉబ్బు నుంచి వచ్చిన ఎకో ఏ వైపు నుంచి చూసినా మధ్యరేఖ దాటి అవతల పడుతుంది. లోపం అయితే రేఖ దగ్గరో, దానికి ఇవతలో నిలుస్తుంది. ఈ గీత గీయకుండా తెర చూసి తీర్పు చెప్పే అలవాటు అనుభవజ్ఞులలోనూ కనిపిస్తుంది. దాన్ని నేను నైపుణ్యంగా అంగీకరించలేను. వెల్డు లోహం ప్లేటు అంచుకు (పక్కగోడకు) అతకని చోట ఎకో నిటారుగా, పదునుగా లేచి, ప్రోబ్‌ను కొద్దిగా తిప్పగానే పడిపోతుంది. ప్లేటు అంచులను 30 డిగ్రీల వాలుగా (బెవెల్) కోసి V ఆకారంలో నింపిన సింగిల్ వీ అతుకులో అడుగున తాకి పైకి లేచే 60 డిగ్రీల కిరణం ఆ గోడను లంబంగా కొట్టడమే అందుకు కారణం. స్లాగు ఎకో గరుకుగా, పలు శిఖరాలతో ఉంటుంది.

పరీక్షలో జనరల్, స్పెసిఫిక్, ప్రాక్టికల్ అనే మూడు భాగాలుంటాయి. ఒక్కొక్కదానిలో 70 శాతమైనా రావాలి, సగటు 80కి తగ్గకూడదు. రాతపరీక్షలు లెక్కలు వచ్చినవారికి భారం కావు. ప్రాక్టికల్‌లో లోపాలు దాచిన వెల్డు ప్లేటు ఇచ్చారు. ముందుగా నిటారు ప్రోబ్‌తో వెల్డు పక్క లోహంలో ల్యామినేషన్ (ప్లేటు లోపల పొరలుగా విడిపోవడం) లేదని తేల్చుకున్నాను, ఎందుకంటే అది ఉంటే కోణపు కిరణం వెల్డు దాకా చేరకుండానే మళ్లిపోతుంది. ఎకో ఎత్తు సగానికి పడిపోయే బిందువులను రెండు చివరలా గుర్తించి లోపం పొడవు కొలిచి, లోతుతో సహా నివేదిక రాశాను. పరీక్షకుడైన లెవెల్ త్రీ (అత్యున్నత స్థాయి అర్హత ఉన్న వ్యక్తి) ఫలితం కన్నా క్యాలిబ్రేషన్ నమోదులనే ఎక్కువసేపు చదవడం నాకు న్యాయంగానే తోచింది.

ఇప్పుడు కార్బన్ స్టీలు వెసెళ్ల అతుకులను పగటిపూటే, ఎవరినీ ఖాళీ చేయించకుండా పరీక్షిస్తున్నాము. స్టెయిన్‌లెస్ స్టీలు వెల్డులో మాత్రం పెద్ద రేణువులు తిర్యక్ తరంగాన్ని చెదరగొట్టి తెరంతా గడ్డిలాంటి చిన్న చిన్న ఎకోలతో నింపేస్తాయి కాబట్టి, ఆ అతుకులకు రాత్రి రేడియోగ్రఫీయే కొనసాగుతోంది.