షాంఘైలో ఒక మింగ్ నోటు

బ్యాంకులో క్యాష్ కౌంటర్ మీద పనిచేసినవాణ్ణి. అందుకే షాంఘై వెళ్లినప్పుడు మావాళ్లందరూ నది ఒడ్డున టవర్లు చూస్తామంటే, నేను మాత్రం మ్యూజియంలో నాణేల గ్యాలరీకి బయల్దేరాను. అప్పట్లో అది పీపుల్స్ స్క్వేర్‌లోని షాంఘై మ్యూజియం నాలుగో అంతస్తులో ఉండేది. పుడాంగ్‌లో కొత్త భవనం తెరిచింది 2024లో. పాత భవనాన్ని దింగ్ అనే పురాతన కంచు పాత్ర ఆకారంలో కట్టారు. టికెట్ లేదు.

గవ్వలు దాటగానే పార ఆకారపు డబ్బు, కత్తి ఆకారపు డబ్బు. కత్తుల పిడి చివర తాడుకు గుచ్చుకోవడానికి రింగు. క్రీ.పూ. 221లో దేశాన్ని ఒక్కటి చేసిన చిన్ చక్రవర్తి ఇవన్నీ తీసేసి, నడుమ నలుచదరపు చిల్లున్న గుండ్రటి నాణెం, బన్‌లియాంగ్, ఒక్కటే చెల్లాలన్నాడు. ఆ చిల్లు రెండు వేల ఏళ్లు నిలిచింది.

తర్వాత సింహాసనం కాజేసిన వాంగ్ మాంగ్ కత్తి నాణెం ముందు మాత్రం నవ్వాపుకోలేకపోయాను. క్రీ.శ. 7లో వేయించాడు. కాస్త కంచు, పైన బంగారంతో పొదిగిన అక్షరాలు, విలువ ఐదు వేల నాణేలు! జనం నమ్మలేదు, దొంగ నాణేలు పోసుకున్నారు.

సిచువాన్‌లో ఇనప నాణేలు మోయలేక చెంగ్డూ వర్తకులు వాటిని ఒకచోట దాచి రసీదులతో బేరాలు చేసుకున్నారు. 1024లో సాంగ్ రాజవంశపు ప్రభుత్వం ఆ రసీదుల పని తనే చేపట్టింది. కాగితపు డబ్బు పుట్టింది అలా.

నేను ఎక్కువసేపు నిలబడింది 1375లో మొదలైన మింగ్ రాజవంశపు నోటు దగ్గర. మల్బరీ బెరడు కాగితం, బూడిద రంగు, ఏ4 కన్నా పెద్దది. చదువురానివాళ్లకూ తెలిసేలా మధ్యలో పది నాణేల దండల బొమ్మ: మొత్తం వెయ్యి నాణేలు. (అంతకు ముందు కుబ్లాయ్ ఖాన్ కాలంలో ఇలాంటి నోట్లు చూసి ఆశ్చర్యపోయిన మార్కోపోలోయే మన మోటుపల్లి గురించీ రాశాడు.) దొంగనోటు చేస్తే తల తీస్తామని కింద హెచ్చరిక. పట్టిచ్చినవాడికి బహుమతి 250 లియాంగుల (లియాంగ్ అంటే చైనా తూకం) వెండి!

గమనించారా, వెండి! బేరసారాల్లో బంగారం, వెండి వాడకూడదని నిషేధించిన సర్కారు, తన నోటు మీదే బహుమతిని వెండిలో ప్రకటించింది. ఈ నోటు తెచ్చిస్తే లోహం ఇచ్చే ఏర్పాటు లేదు, అచ్చుకు అదుపు లేదు. కౌంటర్లో కూర్చున్న ఎవడికైనా అర్థమయ్యే సంగతే. కొన్ని దశాబ్దాల్లోనే విలువ అడుగంటింది, వెండి మీద నిషేధమూ పోయింది. 1581 నాటికి మంత్రి ఝాంగ్ జుజెంగ్ దేశమంతా పన్నులు వెండిలోనే కట్టించాడు. ఆ వెండిలో చాలా భాగం జపాన్ నుంచీ, స్పెయిన్ వాళ్ల అమెరికా గనుల నుంచీ వచ్చిందే.

తర్వాతి అద్దాల్లో పడవల్లాంటి వెండి దిమ్మెలున్నాయి. వాటి మీద గుద్దినవి చిన్న ముద్రలే, తల తీస్తామన్న బెదిరింపు ఒక్కదానిమీదా లేదు.